ఎగువలంకలో నీలం లైటు వెలిగిన వారం

డిసెంబరు 7, సోమవారం

లంకలు వదిలి ఈ కొండల ఎగువకు వచ్చాక ఇది మూడో చలికాలం. సంఘం హాజరు పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి కనుక ఇందులోనే రాస్తున్నాను. రాయకుండా ఉండలేని సంగతి ఒకటి ఈ రోజు జరిగింది. ఎగువలంకలో ఇరవై ఆరు ఇళ్లుంటే, ఇరవై అయిదు ఇళ్లలో బ్యాటరీకి ఛార్జింగు ఎక్కలేదు.

ఎండ లేక కాదు. పొద్దున్నే కొబ్బరిపీచు చీపురుతో సోలార్ ప్లేట్ల మీద మంచు దులిపింది నేనే. ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. ఎండ మంచు మీద పడి తిరిగి కళ్లలో పొడుస్తోంది. విశ్రాంతి దినం నిన్న సాయంత్రంతో ముగిసింది కాబట్టి ఇంటింటా మెయిను వేసుకున్నారు. సోమవారం పొద్దున ఎక్కే ఛార్జింగే వారానికి మాకు పునాది. పదకొండింటికి నా భార్య లూదియ ఇంటి వెనక నుంచి కేకేసింది.

“ఏవండీ, ఇలా రండి! బ్యాటరీ మీద లైటు పచ్చగానూ లేదు, ఎర్రగానూ లేదు. నీలంగా ఉంది!”

“నీలమా?”

“నీలవే. దీనిక్కూడా జలుబు చేసిందేమో, ముక్కు చీదండి.”

నా దగ్గర ఒక ముల్లు మీటరు ఉంది. ప్లేట్ల నుంచి వచ్చే తీగలకు పెట్టి చూశాను. నలభై నాలుగు వోల్టులు. నమ్మలేక మళ్లీ పెట్టాను. నలభై నాలుగే. వేసవిలో మిట్టమధ్యాహ్నం కూడా ఇది ముప్పై ఎనిమిది దాటేది కాదు. చలికి ప్లేట్లు నీరసించాయేమో అనుకున్నవాణ్ణి, అవి ఇంకా బలిశాయని తెలిసి అక్కడే నిలబడిపోయాను. అంటే ఎండ ఉంది, ప్లేటు ఇస్తోంది, బ్యాటరీ మాత్రం పుచ్చుకోవడం లేదు. పైగా తనలో ఉన్నదాన్ని ఇంట్లోకి ఇస్తూనే ఉంది. లైట్లు వెలుగుతున్నాయి, వైర్‌లెస్ గరగరమంటోంది. ఇస్తానంటే వద్దనేవాణ్ణి నా యాభై నాలుగేళ్లలో ఎక్కడా చూడలేదు.

నేను పాస్టరును కాను. లంకలు సముద్రంలో కలవక ముందు కొబ్బరికాయలు దింపేవాణ్ణి. చెట్టెక్కి దిగే మధ్యలో అక్షరాలు నేర్చుకున్నాను, ఆ అక్షరాలతో గ్రంథం చదువుకున్నాను. అప్పటి నుంచి అది నా చంకలోనే ఉంది. ఏ వింత కనబడినా ముందు అందులో వెతకడం నా అలవాటు. ఇవాళా వెతికాను. నూనె తరగని పాత్ర గురించి ఉంది గానీ, నూనె వద్దనే పాత్ర గురించి ఎక్కడా లేదు.

మొదటి రెండు చలికాలాలు పాత నీళ్ల బ్యాటరీలతో గడిపాం. అవి బరువు, వాసన, ఏడుపు ముఖం. అయినా ఏ రోజూ వద్దనలేదు. అక్టోబరులో దారి మూసుకుపోయే ముందు లారీల మీద ఈ కొత్త లిథియం బ్యాటరీలు వచ్చాయి. దేవుడి వరమని నేనే ఆవేశంగా ప్రసంగించాను.

ప్రార్థన మందిరం గోడ మీద ఇంటికో చిన్న లైటు, పక్కన అయిదు ఛార్జింగు గీతలు ఉన్న బోర్డు ఉంది. ఏ ఇంటి సంగతి ఎలా ఉందో అక్కడే తెలుస్తుంది. ఇరవై అయిదు నీలం. ఒకే ఒక్క పచ్చ. ఆ పచ్చ కెజియ ఇంటిది.

కెజియ భర్త తీతు ఉప్పుమడుల్లో పనిచేసినవాడు. ఊపిరితిత్తులు అక్కడే సగం పోగొట్టుకున్నాడు. ఈ ఎత్తున గాలి పలచన, అందుకని అతనికి ఆక్సిజన్ మెషీను రాత్రింబవళ్లు ఆడాలి. వాళ్ల నాలుగు ప్లేట్లలో రెండు వడగళ్లకు పగిలాయి. మిగిలిన రెండూ చాలవు. కాబట్టి రోజుకో ఇల్లు తన కరెంటులో కొంత వీధి తీగ మీదుగా వాళ్లకు పంపుతుంది. దాన్ని ఊపిరి వంతు అంటాం. మార్చి దాకా దారి తెరుచుకోదు కనుక అతన్ని కిందికి దించే మార్గం లేదు. వంతు ఆగితే తీతు ఆగుతాడు.

సెప్టెంబరులో సంఘం కెజియను వెలి వేసింది. సంఘం అని రాయడం పిరికితనం. వేసింది నేను. శనివారం పొద్దు వాలినప్పటి నుంచి ఆదివారం పొద్దు వాలేదాకా మనిషికీ, పశువుకూ, యంత్రానికీ విశ్రాంతి. మా వలస తొలిరోజు మేం పెట్టుకున్న నియమం అది. తీతును ఆ ఒక్క రోజూ మందిరానికి మోసుకొస్తాం, అక్కడ సంఘం పేరున మెషీను ఆడనిస్తాం అన్నాం. ఆమె ఒప్పుకోలేదు. “ఊపిరికి ఆదివారం లేదండి, అన్నయ్యగారూ. మోసుకెళ్తా ఉంటే దారిలో పోతే, అప్పుడు విశ్రాంతి దొరికినట్టేనా అండి?” అంది, నలుగురిలో. నేను ఊగిపోయాను. ఆ గడప ఎవరూ తొక్కకూడదన్నాను. వంతు మాత్రం ఆపలేదు. తీగకు వెలి లేదని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

విశ్రాంతి పాటించిన ఇరవై అయిదు ఇళ్లకు నీలం. పాటించని ఇంటికి పచ్చ. ఏమిటిది?


డిసెంబరు 8, మంగళవారం

కింది స్టేషనుతో వైర్‌లెస్ మంగళవారం, శుక్రవారం మాత్రమే కలుస్తుంది. అక్కడుండే నూకరాజు శ్రీకాకుళం వైపు మనిషి. నోట్లో ఎప్పుడూ ఏదో నములుతూ మాట్లాడతాడు.

“నీలవా? ఎరుపు కాదు కదా బావూ? సరీగా సూసినారా?”

“కళ్లున్నాయి నూకరాజూ. నీలమే.”

“ఎరుపైతే వేడెక్కిపోనాదని సెప్పగలను. నీలం నానెప్పుడూ సూళ్లేదు. ఈ కొత్త బ్యాటరీల పుస్తకం గోడౌన్లో ఉంది. ఎతికి సుక్కురోరం సెప్తాను. అందాకా దాన్ని ముట్టకండి.”

ముట్టవద్దన్నాడు. ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను.

సాయంత్రానికి ఊపిరి వంతు ఇవ్వాల్సిన ఇల్లు ఇవ్వలేకపోయింది. రేపటి ఇంటివాళ్లు ముందే వచ్చి తమ దగ్గర సగమే ఉందని చెప్పారు.


డిసెంబరు 9, బుధవారం

ఈ రోజంతా థర్మామీటరు పట్టుకుని తిరిగాను. లూదియ నన్ను చూసి, “కోడిపెట్టలు దొంగిలించేవాడిలా ఇళ్ల వెనకాల తిరుగుతున్నారేంటండి?” అంది. తిరగక తప్పదు. మా బ్యాటరీలన్నీ ఇళ్ల వెనకాలే ఉంటాయి.

వాటికి మేం కట్టిన రాతి గూళ్లను చల్లగూళ్లంటాం. ఉత్తరం వైపు, నీడ పట్టున, గాలి తగిలేటట్టు కడతాం. ఇది లంకల నాటి పద్ధతి. అక్కడ ఎండలకు బ్యాటరీలు ఉబ్బిపోయేవి. మా వీధిలోనే పడకగదిలో పెట్టుకున్న బ్యాటరీ ఒకటి అంటుకుని ఒకే ఇంట్లో ముగ్గురు పోయారు. ముగ్గురినీ పూడ్చిన చోట ప్రార్థన చేసింది నేనే. ఇక ఏ బ్యాటరీ ఇంటి కప్పు కింద ఉండకూడదని ఆ రోజే అందరి చేతా మాట తీసుకున్నాను. చల్లగూడు, దాని మీద తడి గోనె. ఎగువకు వచ్చాక కూడా ఏమీ మార్చలేదు. ప్రతి శనివారం సాయంత్రం మెయిను తీసేశాక గోనెను తడిపి కప్పుతున్నాం. అది పలకలా గడ్డకడుతుంది. పొద్దున్నే ఆ గోనెను విరగ్గొట్టి తీస్తాం. మూడు చలికాలాలుగా ఇది చేస్తున్నాం. ఎవరికీ ఇందులో వింత కనబడలేదు.

చల్లగూట్లో పొద్దున సున్నాకు ఏడు డిగ్రీలు కింద. మధ్యాహ్నం, బయట ఎండ దంచేస్తున్న వేళ, మూడు కింద. నీడ కదా, ఎండ అక్కడికి రాదు. సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఆరు కింద.

ఈ అంకెలకు ఏదో అర్థముందని అనిపిస్తోంది. అందడం లేదు.


డిసెంబరు 10, గురువారం

ఈ రోజు నా చేతులు ఒక తప్పు చేశాయి. చేసేటప్పుడు అది విశ్వాసం అనుకున్నాను.

తీతుకు వంతు ఇవ్వగల ఇళ్లు రెండే మిగిలాయని బోర్డు దగ్గర లెక్క తేలింది. పదిమంది నా ముఖం వైపు చూశారు. సంఘ పెద్ద ఫిలేమోనుగారు, “ఏదో ఒకటి చెయ్యవయ్యా జక్కరయ్యా. చెప్పడం ఒకటేనా?” అన్నారు. ఆ మాట నన్ను కాల్చింది.

మందిరం వెనకున్న సంఘం బ్యాటరీ మూత విప్పాను. లోపల అరచేయంత కాపలా బోర్డు ఉంది. ఛార్జింగు అడ్డుకునేది అదే అని నాకు అర్థమైంది. అడ్డు తొలగించడం తప్పెలా అవుతుంది? అడ్డుగోడలు కూలడం గురించి గ్రంథంలో ఎన్నిసార్లు చదవలేదు? బోర్డును పక్కనపెట్టి, ప్లేట్ల తీగను నేరుగా కలిపాను.

ఎక్కింది! ముల్లు లేచింది. జనం స్తోత్రాలు చెప్పారు. ఫిలేమోనుగారు నా వీపు తట్టారు. రెండు గంటల్లో బ్యాటరీ నిండినట్టు చూపించింది. మిగతా ఇరవై అయిదింటికీ రేపు ఇలాగే చేద్దామన్నారు.

లూదియ ఒక్కతే, “నూకరాజు ముట్టొద్దన్నాడు కదండీ?” అంది. నేను వినబడనట్టు మూత బిగించాను.


డిసెంబరు 11, శుక్రవారం

సంఘం బ్యాటరీ చచ్చిపోయింది. నిన్న నిండుగా ఉన్నట్టు చూపించినది, పొద్దున తీతుకు వంతు కలిపితే ముప్పావుగంట కూడా రాలేదు. పక్కలు కొంచెం ఉబ్బాయి.

పదింటికి నూకరాజు దొరికాడు.

“దొరికినాది బావూ, పుస్తకం! నీలం అంటే సలి! సలి ఎక్కువైపోనాది దానికి. సున్నా కన్నా కిందకెల్తే కాపలా బోర్డు సార్జింగు ఆపేస్తాది. ఇవ్వమంటే ఇస్తాది. పుచ్చుకోమంటే పుచ్చుకోలేదు. అదీ దాని గొణం.”

“ఎందుకు పుచ్చుకోలేదు?”

“పుస్తకంలో బొమ్మేసినారు. ఎచ్చగా ఉన్నప్పుడు కరెంటు లోనికింకుతాదట. సలిలో లోనికింకదు, పైపైనే లోహం పొరలాగ పేరుకుంటాది. పైకి నిండినట్టే కనిపిస్తాది. లోన మాత్రం పాడైపోతాది. మీరు బలవంతంగా ఏటీ ఎక్కించలేదు కదా?”

“పుస్తకంలో ఇంకేముంది?” అన్నాను.

“ఎక్కించినారా? ఓలమ్మో! ఎన్ని?”

“ఒకటి.”

“దండం బావూ, రెండోది ముట్టకండి. పొయ్యి పక్కన పెడదామనీ అనుకోకండి, ఇంకో గొడవ. సున్నా దాటి ఐదారు డిగ్రీలు...”

అక్కడితో వైర్‌లెస్ ఆగిపోయింది. అతను మానలేదు, మా ఇంటి బ్యాటరీ అయిపోయింది.

గోనెలన్నీ తీసేయించాను. ఇల్లిల్లూ తిరిగి దుప్పట్లు, బొంతలు తెచ్చి చల్లగూళ్లలో బ్యాటరీలకు చుట్టించాం. ఎవరి పెళ్లి దుప్పటో కూడా ఒకదానికి కప్పాం.

పోయిన వారం దాకా మధ్యాహ్నమన్నా గూళ్లలో మంచు కరిగేది, అందుకే నీలం ఇప్పుడే వచ్చింది. ఒక్క సంగతి మాత్రం బుర్ర తొలుస్తోంది. చలి అందరికీ ఒకటే. కెజియ ఇంటి మీద దేవుడు వేరే వాతావరణం పెట్టలేదు. మరి ఆ ఒక్కటీ ఎలా పుచ్చుకుంటోంది? వెళ్లి చూస్తే తెలుస్తుంది. వెళ్లకూడదన్నది నేనే.


డిసెంబరు 12, శనివారం

దుప్పట్లు పనిచేయలేదు. పొద్దున ఆరు కింద, మధ్యాహ్నం అయిదు కింద. బుధవారం మధ్యాహ్నం కన్నా ఎక్కువ చల్లగా ఉంది! ఇదెలా సాధ్యమని రెండింటి దాకా గూడు ముందే గొంతుక్కూర్చుని ఆలోచించాను. దుప్పటి కప్పితే మనకు వెచ్చగా ఉంటుంది కదా అని మేమంతా అనుకున్నాం. దుప్పటిలో వేడి లేదు. వేడి మనలో ఉంది. దుప్పటి దాన్ని పోనివ్వదు, అంతే. తనలో వేడి లేనిదానికి దుప్పటి కప్పితే, మధ్యాహ్నం వచ్చే కాస్త వెచ్చదనం కూడా లోపలికి పోకుండా ఆపినట్టయింది. ఉక్కపోత తప్ప మరేమీ ఎరగని జనం మేం. ఈ సంగతి తెలియడానికి మాకు మూడు చలికాలాలు పట్టింది.

మూడింటికి మందిరంలో ఫిలేమోనుగారు అందరినీ కూర్చోబెట్టారు.

“ఇరవై అయిదిళ్లలో లేనిది ఆ ఒక్కింట్లో ఎలా ఉందయ్యా? తీగ మనదేనా? మనదే. ఆ తీగలోంచి మన బ్యాటరీల్లో ఉన్నదంతా ఆవిడ లాగేత్తంది.”

“మనం ఇటు కలిపితే తప్ప తీగలోంచి ఏమీ పోదండి,” అన్నాను. “మన దగ్గర ఏముందని లాగడానికి?”

“అందుకే అంటున్నాను, అయిపోయింది కాబట్టి! ఆ బ్యాటరీ తెచ్చి మందిరంలో పెడదాం. పనిచేసేది అదొక్కటే కదా, అందరికీ ఉంటాది. తీతునీ తెద్దాం. ఇక్కడే మెషీను ఆడిత్తే సరి.”

“ఈ చలిలో ఆయన్ని మంచంతో మోసుకొస్తారా?” అంది లూదియ, ఆడవాళ్ల వైపు నుంచి. “అందుకు ఒప్పుకోలేదనేగా ఆవిణ్ణి వెలేశారు.”

“మోయక? పల్లకీ పంపమంటావా అమ్మా?”

నవ్వారు కొందరు. నాకు నవ్వు రాలేదు. తీతు బ్యాటరీలో అయిదు గీతలకు రెండే ఉన్నాయని బోర్డు చూపిస్తోంది. మెషీను తినేదానికి ఆ రెండు ప్లేట్లు ఇచ్చేది సగం. రేపు సాయంత్రానికి అది ఆగుతుంది, ఎవరు మోసినా మోయకపోయినా. సోమవారం పొద్దున వెళ్లి బ్యాటరీ తేవాలని నిర్ణయించారు. విశ్రాంతి దినం మధ్యలో ఉంది కదా, అందుకని సోమవారం. నా అభిప్రాయం అడిగారు. రేపు ప్రార్థనలో చెబుతానన్నాను.

పొద్దు వాలింది. మెయిన్లు తీసేశారు. నేనూ తీసేశాను.


డిసెంబరు 13, ఆదివారం

ఏడింటికే ప్రార్థన బట్టలు కట్టుకుని, గ్రంథం చంకలో పెట్టుకుని, థర్మామీటరు జేబులో వేసుకుని కెజియ ఇంటికి వెళ్లాను. వాకిట్లో మంచు గడ్డలు పగలగొడుతోంది.

“అన్నయ్యగారా?” లేచి నిలబడి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. “బ్యాటరీ కోసం రేపొత్తారన్నారు. ఇయ్యాలే వచ్చేశారేంటండి?”

“బ్యాటరీ కోసం కాదమ్మా. చూడ్డానికి.”

“ఆయన్నా, బ్యాటరీనా?”

అబద్ధమాడలేకపోయాను. “రెండూ.”

ఆమె పక్కకు తప్పుకుంది. “గడపుందండి అక్కడ. చూసుకుని తొక్కండి.”

తొక్కాను. లోపల ఒకే గది. మంచం మీద తీతు, ముక్కుకు గొట్టం, కాళ్ల దగ్గర మెషీను ఎడతెగకుండా ఆడుతోంది. నన్ను చూసి చెయ్యి కొంచెం ఎత్తాడు. మంచానికీ గోడకూ మధ్య, నేల మీద, ఆమె పక్క పరిచి ఉంది. ఆ పక్కకు తలగడగా ఉన్నది బ్యాటరీ. దాని మీద ఒక బొంత. లైటు పచ్చగా ఉంది.

థర్మామీటరు తీశాను. గదిలో పదమూడు. బ్యాటరీకి ఆనించాను. పదహారు. సున్నాకు పైన.

“ఇంట్లో ఎందుకు పెట్టావమ్మా?” అన్నాను. “చల్లగూడు ఏది?”

“గూడు కట్టాలంటే రాళ్లు మొయ్యడానికి నలుగురు రావాలి కదండి. కొత్త బ్యాటరీలు అక్టోబర్లో వచ్చినియ్యి. మీరు ఎవర్నీ రావొద్దంది సెప్టెంబర్లో.”

“భయం వెయ్యలేదా? లంకలో ఆ ముగ్గురూ...”

“ఎందుకెయ్యలేదండి? అంటుకుంటే ముందు నాకే తెలియాలని దాని మీదే తల పెట్టి పడుకునేదాన్ని. ఎప్పుడూ కాలలేదు. ఒళ్లు వెచ్చగా ఉన్న పిల్లలాగ ఉంటాదంతే.”

థర్మామీటరు జేబులో వేసుకున్నాను. మెషీను ఆగదు కనుక బ్యాటరీకి పని ఆగలేదు. మనుషులు కదలరు కనుక గదికి వెచ్చదనం పోలేదు. విశ్రాంతి లేకపోవడమూ, నేను వేసిన వెలీ కలిసి ఈ మనిషిని ఇన్నాళ్లు బతికించాయి. నా నియమం పాటించిన ఇరవై అయిదు ఇళ్లు చలికి బిగుసుకుపోయాయి. దీన్ని ఏ వాక్యంతో సర్దుకోవాలో తెలియలేదు. సర్దుకోవడానికి వ్యవధి కూడా లేదు. బ్యాటరీలో ఒక్క గీతే మిగిలింది.

“ఎంతసేపు వస్తుంది?”

“మబ్బు పట్టకపోతే సాయంత్రం నాలుగు దాకా అండి. తర్వాత తెలీదు.” ఆమె గొంతు వణకలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పరిగెత్తాను. ఈ ఎత్తున పరిగెడితే గుండెలు నోట్లోకి వస్తాయి. మందిరానికి చేరేసరికి జనం అప్పుడే కూర్చుంటున్నారు. పాట ఎత్తుకోబోతున్న వాళ్లను ఆపాను.

“సహోదరులారా! ఈ రోజు బ్యాటరీలన్నీ లోపలికి తేవాలి. ఇక్కడికి, మన మధ్యకి. ఇప్పుడే!”

“ఇయ్యాల ఆదివారం, జక్కరయ్యా,” అన్నారు ఫిలేమోనుగారు.

“అవునండి. ఆదివారమే. చల్లగూళ్లు కట్టమన్నది నేను. తడి గోనె కప్పమన్నది నేను. ఒక ఇంటి గడప తొక్కవద్దన్నదీ నేనే. మూడూ తప్పే. ఈ పొద్దున ఆ గడప తొక్కి చూసి వచ్చాను. మనుషులున్న గదిలో ఉంది కాబట్టే ఆ బ్యాటరీ పుచ్చుకుంటోంది. మన దగ్గర్నుంచి ఆవిడ ఏమీ లాగలేదు. నాలుగింటికి తీతు మెషీను ఆగిపోతుంది. మూడింటికి ఎండ కొండ చాటుకు పోతుంది. నన్ను తర్వాత ఏం చేస్తారో చేయండి.”

ఎవరూ కదల్లేదు. “పేలితే?” అని ఎవరో అన్నారు. లంకలో పోయిన ముగ్గురూ అందరి కళ్ల ముందూ ఉన్నారు. నా కళ్ల ముందూ ఉన్నారు.

లూదియ లేచింది. కొంగు బిగించింది. “మాది నేను తెత్తాను. ఒక చెయ్యి ఎవరన్నా పట్టండి. ముప్పై కేజీలుంటాది,” అని బయటికి నడిచింది. ఆమె వెనక ఇద్దరు, వాళ్ల వెనక ఆరుగురు. దగ్గరి ఇళ్లవి తొమ్మిది బ్యాటరీలు తెచ్చి బెంచీల మధ్య పెట్టాం. ప్లేట్ల తీగలు కిటికీలోంచి లాగాం. తలుపులు మూసి సందుల్లో గోనెలు కుక్కాం. నూట పది మంది వాటి చుట్టూ మూగి కూర్చున్నారు. తల్లులు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని బ్యాటరీలకు వీపు ఆనించారు. దుప్పట్లు ఈసారి మనుషుల మీద నుంచి బ్యాటరీల మీదికి కప్పారు.

ఫిలేమోనుగారు అన్నిటికన్నా పెద్ద బ్యాటరీ చూసుకుని దాని మీదే కూర్చున్నారు. కూర్చున్నవారు కూర్చున్నట్టే ఎగిరిపడ్డారు. “అబ్బో! ఐసుగడ్డండి ఇది! పేలడం మాట దేవుడెరుగు, నేను గడ్డకట్టి పోతాను.” మందిరమంతా నవ్వింది. ఆయన తిట్టుకుంటూనే మళ్లీ కూర్చున్నారు, ఇక లేవలేదు.

లూదియ నా చెవిలో, “ఇయ్యాల మాత్రం తొందరగా ముగించకండి. తలుపు తీస్తే చలొచ్చేస్తుంది,” అంది.

మొదలుపెట్టాను. సిద్ధం చేసుకున్న ప్రసంగం గంటకు అయిపోయింది. థర్మామీటరు సున్నా దగ్గర ఉంది. ఏం చెప్పాలో తెలియక ఈ పుస్తకం తీసి ఇందులో రాసినవే చదివాను. నలభై నాలుగు వోల్టులు, ఉత్తరపు నీడ, దుప్పట్ల తెలివితక్కువ పని, కాపలా బోర్డు పక్కనపెట్టి నేను చంపిన బ్యాటరీ. లోనికి ఇంకక పైపైన పేరుకునే లోహం పొర గురించీ చదివాను. ఇరవై ఏళ్లుగా ఈ జనానికి ఇస్తూ వచ్చాను. ఒకరి దగ్గర నుంచి ఒక్క మాట పుచ్చుకున్నానా? “ఊపిరికి ఆదివారం లేదు” అని ఆమె నా ముఖాన చెప్పినప్పుడు ఆ మాట నాలోకి దిగలేదు. అంతటితో ఆ సంగతి ఆపి, పాట పాడించాను. మళ్లీ చెప్పాను. మళ్లీ పాడించాను. జనం ఒకళ్ల నుంచి ఒకళ్లకి థర్మామీటరు అందించుకుంటూ అంకె పైకి చదివారు. మూడు. అయిదు. అయిదే. ఏడు.

పన్నెండూ నలభైకి ఫిలేమోనుగారు కాళ్ల మధ్య నుంచి తొంగి చూసి అరిచారు. “పచ్చ! నాది పచ్చ!”

తర్వాత కిటికీ దగ్గరిది. తర్వాత లూదియ ఆనుకున్నది. రెండింటికల్లా తొమ్మిదిలో ఎనిమిది పచ్చ. ఎండ కొండ మీద ఉన్నంతసేపూ పుచ్చుకున్నాయి. మూడింటికి పది నిమిషాలుండగా ఊపిరి వంతు తీగ కలిపాను. బోర్డు మీద కెజియ ఇంటి గీత ఒకటి నుంచి రెండుకు వచ్చేదాకా ఎవరూ లేవలేదు.


డిసెంబరు 14, సోమవారం

పొద్దున్నే చల్లగూళ్లు విప్పడం మొదలైంది. ఆ రాళ్లతో ఏం చేయాలో ఎవరికీ తోచడం లేదు. బ్యాటరీలు ఇళ్లలోకి చేరాయి. రెండేసి ఇళ్ల వాళ్లు వంతులవారీగా కాపలా చూడాలని ఏర్పాటు చేశాం, లంకలో జరిగినది మరిచిపోకుండా. తొమ్మిదోది ఈ పొద్దున పచ్చ అయింది. మిగతావి మధ్యాహ్నానికి. విశ్రాంతి దినం నియమాన్ని తిరిగి రాయాలి. ఎలా రాయాలో నాకింకా తెలియదు. చలి తిన్న బ్యాటరీకి మళ్లీ వెచ్చదనం తగిలాక మునుపటంత పుచ్చుకుంటుందా అన్నదీ తెలియదు. రేపు నూకరాజును అడగాల్సిన ప్రశ్నలు ఇప్పటికి పదకొండయ్యాయి.

కెజియ ఇంటికి వెళ్లి, వెలి ఎత్తేశామనీ, వచ్చే ఆదివారం మందిరానికి రమ్మనీ చెప్పాను.

“నేనెలా వత్తానండి, ఈయన్నొదిలేసి?” అంది, పొయ్యి మీది గంజి కలుపుతూ. “మీరే ఓ నలుగురు ఇక్కడికి రండి. పాడుకుందాం. గది కూడా వెచ్చబడతాది.”

వస్తామన్నాను. ఆ ఒక్క మాట అనడానికి ఏ వాక్యమూ వెతకలేదు.

తీతు సైగ చేసి దగ్గరికి పిలిచాడు. ఒక్కో మాటకూ ఆగి, గొట్టంలోంచి గాలి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టాడు.

“బావగారూ... నిన్న... నాలుగు గంటలు... ఆపకుండా చెప్పారంట కదండి?”

“పాటలతో కలిపి, తీతూ.”

“అంత ఊపిరి...” అతని కళ్లు నవ్వుతున్నాయి. “ఎక్కణ్ణించి తెచ్చారండి?”

పొయ్యి దగ్గర కెజియ పగలబడి నవ్వింది. గదిలో కూర్చోవడానికి వేరే చోటు లేక బ్యాటరీ మీదే కూర్చున్నాను. అది వెచ్చగా ఉంది. తీతు ఇంకేమైనా అంటాడేమోనని చాలాసేపు వింటూ ఉండిపోయాను.